మస్కట్ దాకా వినబడ్డ బోధ

పాత సామాన్ల డబ్బాలో అవ్వ, అంటే మా అమ్మ, వాడిన బటన్ ఫోను దొరికింది. ఎలక్ట్రానిక్స్ చదివిన చేయి ఊరుకోదు కదా, మూత తీసి, స్క్రూలు విప్పి, మీటల కింది రబ్బరు పొర ఎత్తి చూశాను. దుమ్ము అనుకున్నది విభూతి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇంకా సన్నగా కర్పూరం వాసన.

అది మెట్‌పల్లి దగ్గర ఖద్దరు నేసే సాంబయ్య గురువు ఇంటి వాసన. గురుపున్నమి నాటికి పసుపు చేలు అప్పుడే మొలకెత్తి, తడిసిన ఎర్రమట్టి చెప్పులకు అట్టలు కట్టేది. గురువు మగ్గం గుంట మీద పలకలు పరిచి, చాప వేసి, దాన్నే గద్దె చేసుకుని కూర్చునేవాడు. వెనక పొయ్యి మీద బెల్లం పరమాన్నం, శనగ గుడాలు ఉడుకుతుంటే, పిల్లలమంతా చూరు నీళ్ళు తొలిచిన గుంతల్లో గాజు గోటీలాడేవాళ్ళం.

బాపు, మా నాన్న, పనికని మస్కట్ పోయినప్పటి నుంచి అవ్వకు నిద్ర లేదు. గొళ్ళెం చూసేది, నీళ్ళు తాగేది, మళ్ళీ గొళ్ళెం చూసేది. ఆమె ఎట్లున్నదోనని నాకూ నిద్ర వచ్చేది కాదు. గురుబోధ తీసుకుంటే మనసు కుదురుతుందని ఎవరో చెప్పారు. కానీ ఆ బోధకు ఆలుమగలు ఒకే తెల్లబట్ట కింద కూర్చోవాలి; గురువు చెవిలో చెప్పే మాట మూడోవాళ్ళు వినకూడదు.

"ఒక్కదానివి ఎట్ల కూసుంటవు బిడ్డా? జంట ఉండాలె" అన్నాడు గురువు.

"ఆయన వచ్చేదాంక గిట్లనే నిద్రలేకుంట సావాల్నా సామీ?" అంటూ అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గురువు వేళ్ళ మధ్య విభూతి నలుపుకుంటూ అవ్వ చేతిలోని ఫోను వైపు చూశాడు. "గా ఫోను కలుపు" అన్నాడు.

బాపు ఎత్తాడు. అవ్వ మీదా, ఫోను మీదా కలిపి తెల్లబట్ట కప్పారు. గురువు తల లోపలికి పెట్టి అవ్వ నుదుటికి విభూతి రాశాడు, బాపు నుదుటికి రాయవలసింది ఫోనుకు రాశాడు. బట్ట గుసగుసలకు కదిలింది. అంతలో లోపలి నుంచి కొత్త గొంతు గట్టిగా వినబడింది.

"మంచిగున్నది సామీ! ఇంకోపారి చెప్పుండ్రి!"

బట్ట జారిపోయింది. అవ్వ ముఖం తెల్లబోయింది. ఆ గొంతు బాపు గదిలోనే ఉండే ఖానాపూర్ పాల్ కాకది.

"చేతులకు రొట్టెల పిండి ఉండె... స్పీకర్ల వెట్టిన" అని బాపు నసిగాడు.

"అయ్యో, అందరు వినిరి! ఇగ ఫలం పాయె!" అవ్వ ఏడ్చేసింది.

గురువు ఫోను అందుకున్నాడు. "గా అర్రల పండే మీకందరికి నిద్ర వడ్తుందా?"

"యాడ వడ్తది సామీ? పిల్లలే యాదికొస్తరు. గని నేను చర్చికి వోయెటోన్ని, నాకు నడుస్తదా?" అన్నాడు పాల్ కాక.

"నీ దేవుని పేరు తలుసుకోని పండు. గా మాట నీకూ నడుస్తది." అవ్వ వైపు తిరిగాడు. "ఊకో బిడ్డా. నిద్రలేనోళ్ళ చెవులనే గదా పడ్డది? యాడికి వోతది ఫలం?"

ఆ రాత్రి అవ్వ గొళ్ళెం ఒక్కసారే చూసి పడుకుంది, పెదవులు కాసేపు కదిలాయి, నాకంటే ముందే నిద్రపోయింది. ఆమె ఊపిరి వింటూ నేనూ ఎప్పుడు పడుకున్నానో తెలియదు.

ఇప్పుడు గురువు లేడు. మగ్గం గుంటను పూడ్చి గచ్చు చేశారు, చూరు స్థానంలో స్లాబు వచ్చింది, గోటీలకు గుంతలు లేవు. బాపు వచ్చేసి వరండాలో గురక పెడుతుంటాడు. పాల్ కాక మాత్రం ఇంకా మస్కట్‌లోనే ఉన్నాడు. నేను స్క్రూలు బిగిస్తుండగానే అవ్వకు అతని ఫోను వచ్చింది, గొంతు నాకూ వినబడుతోంది.

"నిద్ర వడ్తుందా వదినె?"

"నాకు వడ్తుంది. నీకు?"

"గీ నడుమ వడ్తలే వదినె. బిడ్డ పెండ్లి ఫికర్."

"చెవు దగ్గర వెట్టు. స్పీకర్ల వెట్టకు మల్ల" అంది అవ్వ. తలమీదుగా, ఫోను మీదుగా కొంగు కప్పుకుంది. కొంగు సన్నగా కదులుతోంది. మాట మాత్రం నాకు వినబడలేదు.