కాలిదే తప్పని రాశాను

అమీర్‌పేటలో లైనక్స్ నేర్చుకున్నవాళ్లకి రీబూట్ చేయడం ఒక జబ్బు. నాకూ ఉండేది. మూడు నెలల కోర్సు, కిక్కిరిసిన గది, చేతిలో జిరాక్సు నోట్సు. అందులో ప్రతి సమస్యకీ మొదటి మందు అదే. కోర్సు పూర్తయ్యాక ఇన్‌స్టిట్యూట్ వాళ్లే నా రెజ్యూమెలో లేని అనుభవం మూడేళ్లు చేర్చారు. అప్పట్లో అది పెళ్లిచూపులకు ఇస్త్రీ చొక్కా వేసుకున్నంత మామూలు. ఆ కాగితంతోనే పంజాగుట్టలో ఒక మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీలో కంప్యూటర్లు చూసే ఉద్యోగం దొరికింది. అప్పట్నుంచీ 'తెలియదు' అనే మాట నోటి వెంట రాకుండా చూసుకోవడమే నాకు పెద్ద పనైపోయింది.

అమెరికా డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటల్ని మావాళ్లు హెడ్‌సెట్‌లో విని టైపు చేసేవాళ్లు. కాలి కింద పెడల్ ఉంటుంది. తొక్కితే మాట నడుస్తుంది, వదిలితే ఆగుతుంది. విండోస్ లైసెన్సుల ఖర్చు దండగని యజమాని అన్నిటిలోనూ ఉచితంగా దొరికే లైనక్సే వేయించాడు. కంప్యూటర్లంటే ఏదో విదేశీ ఆఫీసు వదిలించుకున్న పాత ల్యాప్‌టాప్‌లు, వాటితో పాటు వచ్చిన డాక్‌లు. డాక్ అంటే ల్యాప్‌టాప్‌ని కూర్చోబెట్టే పీట. పెడల్, హెడ్‌సెట్, మౌస్ అన్నీ దాని యూఎస్‌బీ పోర్టులకే గుచ్చేవాళ్లం.

కిటికీ పక్క సీటులో ఒకమ్మాయి ఉండేది. నేత ఊరి నుంచి వచ్చిన కుటుంబం, తండ్రి అమీర్‌పేటలో బట్టలు కుట్టేవాడు. ఆమెకు ప్రొబేషన్‌లో అది ఆఖరి నెల. రిపోర్టులు ఆలస్యమవుతున్నాయని మేనేజర్ అప్పటికే రెండుసార్లు మందలించాడు. మూడోసారి అయితే ఇంటికే.

"అన్నా, మళ్ల బందైంది. జర చూడు," అని పిలిచేది. నేను వెళ్లి రీబూట్ కొట్టేవాణ్ణి. అన్నీ లేచి కూర్చునేవి. అప్పుడు కర్నల్ లాగ్, అంటే మెషీన్ లేచినప్పట్నుంచీ తనలో జరిగింది రాసుకునే చిట్టా, తెరిచి చూస్తే ఒక్క తప్పూ కనిపించేది కాదు. ఎందుకు కనిపిస్తుంది, మెషీన్ అప్పుడే కళ్లు తెరిచింది కదా. సాక్ష్యాన్ని నా చేత్తో నేనే కడిగేసి, సాక్ష్యం లేదని తేల్చేవాణ్ణి. పెడల్ మార్చాను, కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను. "ఇప్పుడు చూడండి, బానే ఉంది కదా," అని పెద్ద తెలిసినవాడిలా చెప్పి వచ్చేసేవాణ్ణి. గంట తిరక్కుండా మళ్లీ పిలుపు.

ఒకరోజు ఆమె విడమరిచి చెప్పింది కూడా. "పెడల్ ఒక్కటే కాదన్నా. చెవులల్ల సుత ఏం వినొస్తలేదు. మౌసు సుత కదుల్తలేదు. అన్ని ఒక్కసారే పోతున్నయ్."

పని తెలిసినవాడికి ఆ ముక్క చాలు. మూడూ ఒక్కసారే పోతే తప్పు వాటన్నిటినీ మోస్తున్న డాక్‌లో ఉంటుంది. నాకు తట్టలేదు. పై అంతస్తులో సర్వర్లు చూసే సీనియర్ ఒకాయన ఉండేవాడు, అడిగితే చెప్పేవాడే. మూడేళ్లు చేసి ఇది కూడా తెలియదా అంటాడేమోనన్న భయంతో మెట్లెక్కలేదు.

ఆ వారంలోనే మేనేజర్ పిలిచాడు. "లోపం సిస్టమ్‌దా, మనిషిదా? ఏంటో ఒక్క ముక్కలో రాసి సంతకం పెట్టివ్వండి," అన్నాడు. రాసిచ్చాను. సిస్టమ్‌లో లోపం లేదు, పెడల్ సరిగా తొక్కడం రాక ఆలస్యమవుతోంది అని.

మర్నాడు ఆమె బ్యాగు సర్దుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. "చిన్నప్పటిసంది నాయిన కుట్టుమిషిన్ తొక్కుకుంటనే పెరిగిన అన్నా. కాలుతోని తొక్కుడు రాదని రాసినవా?" అంది. గొంతు పెంచలేదు. నేను స్క్రీన్ వైపే చూస్తూ "నా చేతుల్లో ఏం లేదండీ," అన్నాను. ఆ రోజు సిగ్గుపడ్డానని చెప్పుకుంటే అబద్ధం. ఇక పిలుపులు ఉండవని హాయిగా అనిపించింది.

రెండు నెలల తర్వాత ఆ సీటులోకి కొత్తవాళ్లు వస్తున్నారని, ఓసారి సరిచూడమన్నారు. ఒక రికార్డింగు పెట్టుకుని, మొట్టమొదటిసారి ఆ పని నేనే చేసి చూశాను. కాసేపటికి ఏదో మందు పేరు అర్థం కాలేదు. అలాంటి చోట అందరూ ఖాళీ వదిలేసి ముందుకు పోయేవాళ్లు, ఎడిటర్ నింపుకుంటాడులే అని. ఆమె మాత్రం వదిలేది కాదు. కాలు తీసేసి, మందుల పేర్ల పుస్తకంలో వెతికి గానీ కదిలేది కాదు. నేనూ పుస్తకం తీసి వెతికాను. పేరు దొరికాక పెడల్ తొక్కితే చెవుల్లో చప్పుడు లేదు. మౌస్ కూడా కదల్లేదు.

రీబూట్ మీదకు పోతున్న చేతిని వెనక్కి తీసుకుని లాగ్ తెరిచాను. డాక్‌లో పోర్టులన్నిటినీ నడిపే యూఎస్‌బీ హబ్‌ని లేపబోతే లేవలేదని వరసగా రాసి ఉంది. కాసేపు కదలిక లేకపోతే కరెంటు ఆదా కోసం లైనక్స్ దాన్ని నిద్రపుచ్చుతుంది. ఆ పాత డాక్‌కి మళ్లీ లేవడం చేతకాదు. ఖాళీలు వదిలేసి పరిగెత్తేవాళ్ల దగ్గర దానికి నిద్రపోయే తీరిక దొరకలేదు. ఆగి సరిచూసుకున్న మనిషి దగ్గరే దొరికింది. నిద్రపుచ్చొద్దని సెట్టింగుల్లో ఒక్క లైను మారిస్తే సరిపోయింది. మేనేజర్ అందరి ముందూ మెచ్చుకుంటే నవ్వి ఊరుకున్నాను.

ఆదివారం ఆమె తండ్రి కొట్టు వెతుక్కుంటూ వెళ్లాను. ఆమె కాజాలు కుడుతోంది. తప్పు మీది కాదండీ, డాక్‌ది, అని గుక్క తిప్పుకోకుండా అంతా చెప్పేశాను. నన్ను నేను తిట్టుకున్నాను కూడా. ఆమె సూది ఆపి విన్నది.

"శ్రీనగర్ కాలనీల ఇంకో కంపెనీల పాసైన అన్నా. మీ ఆఫీసుకు ఫోన్ చేసి అడిగిన్రంట. పని రాదని చెప్పిన్రంట, నువ్ రాసిన కాయితం చూసి. గా కాయితం దిద్దినవా?"

దిద్దలేదు. దిద్దాలంటే నాకు చేతకాక అలా రాశానని మేనేజర్‌తో చెప్పాలి. సోమవారం చెప్తానన్నాను. ఆమె సరేనని తలూపింది.

సోమవారం చెప్పలేదు. ఏడాది తర్వాత నేను ఆ కంపెనీ మారిన రోజున కూడా ఆ కాగితం ఆమె ఫైల్లో నా సంతకంతోనే ఉంది.