మామ బిగించిన ఇరుసు

పుంగనూరు మామ పోయాడని ఫోనొచ్చినప్పుడు నేను కుప్పం బస్టాండులో ఉన్నాను. మదనపల్లెలో ఆసుపత్రికి చేర్చిన మరునాడే గుండె ఆగిపోయిందట. మామ అంటే మా మేనత్త భర్త. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ పుంగనూరులో సైకిల్ షాపు నడిపిన మనిషి. బస్సులో చాలాసేపు నాకు ఏడుపు రాలేదు. పలమనేరులో ఎవరో రోడ్డు పక్కన సైకిల్ తలకిందులు చేసి చెయిన్ ఎక్కిస్తుంటే చూసి ఏడ్చేశాను.

ఆయనకు మొండితనం, దాని మీద నోటిదురుసు. బ్రేకుల్లేని సైకిల్ తెచ్చినవాణ్ణి నడివీధిలో తిట్టేవాడు, తిడుతూనే బ్రేకు బిగించేవాడు. ఏ నట్టు ముట్టుకున్నా ముందు చుక్క నూనె పెట్టాల్సిందే. "నూనె పెట్టి బిగిస్తే, రేపు ఇప్పేవాడు మనల్ని తిట్టుకోడు" అనేవాడు.

అత్త అంగన్‌వాడీ టీచరు. ఆమె పనిచేసే పల్లెకు బస్సు లేదు, సైకిల్ మీదే పోయొచ్చేది. మోకాళ్ళు అరిగి సైకిల్ తొక్కలేని రోజులొచ్చాయి. బంధువులంతా పని మానుకోమన్నారు. "మానేసి ఇంట్లో కూర్చుంటే నేను బతకనప్పా" అంది నాతో. మామ పక్కనే ఉండి విన్నాడు. ఆ వారమే బెంగళూరు పోయి, మధ్యలో బ్యాటరీతో తిరిగే మోటారు ఉండే చక్రమొకటి తెచ్చి ఆమె సైకిల్‌కు వెనకవైపు అమర్చాడు.

పొరపాటు అక్కడే జరిగింది. మామూలు సైకిల్‌లో ఇరుసు నిలబడి ఉంటే చక్రం దాని చుట్టూ తిరుగుతుంది, అంతే. మోటారు అలా కాదు. చక్రాన్ని ఎంత బలంగా ముందుకు తోస్తుందో, ఇరుసును అంత బలంగా వెనక్కి తిప్పబోతుంది. ఇరుసు కదలకుండా ఫ్రేము గాడిలో ఇరుక్కోవాలనే దాన్ని రెండు పక్కలా చదునుగా చేసి ఉంటారు. గాడి బిగుతుగా ఉందని మామ ఆకురాయితో అరగదీసి వదులు చేశాడు. చేతి అలవాటు కొద్దీ నట్లకు నూనె కూడా పెట్టాడు, దాంతో వాటి పట్టు జారింది. మదనపల్లె రోడ్డు ఎత్తు ఎక్కుతుంటే ఇరుసు గిర్రున తిరిగి, వైర్లు చుట్టుకుని తెగి, చక్రం ఒరిగిపోయి అత్త పడింది. మణికట్టు విరిగితే పుత్తూరు కట్టు కట్టించారు.

మామ ఆ సైకిల్‌ను గోడవారన పెట్టి మళ్ళీ ముట్టుకోలేదు. ఆయన భయపడడం నేను చూసింది అప్పుడే. కట్టు విప్పాక అత్తే మాట కదిలించింది.

"యాల అట్ల సూస్తాండావు? సరిగ్గా బిగించు, రేపు నేను పోవాల."

"మళ్ళా పడితే?"

"లేపేకి నువ్వుండావు కదా."

మామ పాత ఎద్దులబండి చక్రం ఇనుప పట్టా తెచ్చి పలకలు కోశాడు. ఇరుసు ఆకారానికే రంధ్రం తీసి, పలకను ఇరుసుకు తొడిగి, రెండో కొసను సైకిల్ ఫ్రేముకు బిగించాలి. అప్పుడు ఇరుసు తిరగాలన్నా పలక తిరగనివ్వదు. రంధ్రానికీ ఇరుసుకూ మధ్య సన్నగా వెలుతురు కనిపించిందని మొదటి పలకను విసిరికొట్టాడు. చివరికి కుదిరాక నట్లమీది నూనె పంచె కొసతో తుడిచి పొడిగా బిగించాడు.

ఆనాటి నుంచీ ఆమె బయలుదేరే ముందు రోజూ స్పానర్ వేసి చూసి, ఆమె "పోయొస్తా" అంటే "పోయిరా" అని సాగనంపేవాడు. "తిరిగేది చక్రం, నిలబడేది యాక్సిల్. రెండూ తిరిగితే సంసారం సాగదు" అనేవాడు.

"మన సంసారంలో యాక్సిల్ ఎవరో?" అని అత్త ఎగతాళి చేసేది.

"నువ్వు ఊర్లు పట్టుకోని తిరగతాండావు కదా, ఇంగెవరు, నేనే!"

కర్మలు ముగిసిన మరునాడు అత్త పనికి తయారైంది. భర్త పోయిన మనిషి అప్పుడే గడప దాటకూడదని పెద్దవాళ్ళు అడ్డం పడ్డారు. "పిల్లోళ్ళు ఎదురుసూస్తాంటారు. ఆయప్ప ఉంటే పొమ్మనే అంటాడు" అంది. అడ్డం నిలిచినవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. నట్లు నేను బిగించి చూశాను. ఒక్కటీ కదల్లేదు. అంత గట్టిగా బిగించిన మనిషి లేడంటే నా మనసు ఒప్పుకోలేదు.

అత్త సైకిల్ ఎక్కి, ఒక కాలు నేలకు ఆనించి, ఇంట్లోకి చూస్తూ "పోయొస్తా" అంది.

నేనన్నా పోయిరా అనాల్సింది. ఆమె కాలు తీయకుండా, వాకిలివైపు చూస్తూ అట్లాగే నిలబడి ఉంది.