సోమవారం రంగు

ఆదివారం మా ఇంట్లో నూలుకు రంగు వేసేవాళ్లు. అందుకే సోమవారం అంటే నాకు ఇప్పటికీ గిట్టదు.

వరంగల్‌లో మా వాడంతా షత్రంజీలు నేసే ఇళ్లే. పెళ్లిళ్లకూ మీటింగులకూ పరిచే ఆ చారల షత్రంజీల మీద కూర్చోని మనిషి ఊళ్లో ఉండడు. వాటిని నేసేవాళ్ల పిల్ల పక్కన కూర్చోవడానికి మాత్రం మా క్లాసులో ఒక్కరికీ మనసొప్పేది కాదు. నాన్నను మేం బాపు అనేవాళ్లం. బాపు పొయ్యి మీద గుండిగలో రంగు మరిగిస్తే, అందులో ముంచి తీసిన నూలు కట్టలను, అంటే చిలపలను, పిండి ఆరేయడం అక్కదీ నాదీ పని. పిండిన రంగు చేతులకు పట్టేది. ఒక వారం ఎరుపు, ఒక వారం నీలం, ఇంకో వారం ఆకుపచ్చ. సున్నిపిండితో రుద్దినా, కొబ్బరిపీచుతో గీకినా తొందరగా వదిలేది కాదు. వదిలేసరికి మళ్లీ ఆదివారం వచ్చేది.

డెబ్బైల చివర్లో, నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు ఆ ఆట మొదలైంది. మొదలుపెట్టింది నూలు దుకాణం సేటు కూతురు. బాపుకు నూలు ఇచ్చేదీ, నేసిన షత్రంజీలు తీసుకునేదీ ఆ దుకాణమే. సోమవారం పొద్దున నేను గేటు దాటుతుంటే, "ఇయ్యాల ఏం రంగో చెప్పుండ్రి!" అని అరిచేది. ఎరుపని ఒకతి, నీలమని ఒకతి. చెప్పింది నిజమైన పిల్ల నన్ను ముట్టుకుని, "రంగంటింది!" అంటూ ఇంకో పిల్ల వెంట పడేది. ఆ పిల్ల మరో పిల్ల వెంట. బెల్లు కొట్టేదాకా బడంతా ఉరుకులే. ఆరిన రంగు ఎవరికీ అంటదు. ఆ సంగతి వాళ్లకు తెలుసు, తెలిసే ఉరికేవాళ్లు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నవాడు ఏదో ఒక బడిలో ఎలుకగా చదివే ఉంటాడు.

లెక్కల సారు ఒకసారి నా నోటుబుక్కును రెండు వేళ్లతో అంచు పట్టి ఎత్తాడు, చచ్చిన ఎలుకను ఎత్తినట్టు. "గీ బుక్కు దిద్దితే నా చేతులు గూడ పచ్చగయితయేమో" అన్నాడు. క్లాసు గొల్లుమంది. ఆయన చెడ్డవాడేం కాదు, నవ్వించాలనుకున్నాడు, అంతే. కానీ అప్పటిదాకా బయటే ఉన్న ఆట ఆ రోజు నుంచి క్లాసులోకి వచ్చి కూర్చుంది. ఆయన మీద కోపం నాకు ఇంకా తగ్గలేదు, తగ్గించుకునే ఉద్దేశమూ లేదు.

ఇంట్లో చెప్పలేదేం అని ఎవరైనా అడగొచ్చు. మా అక్కను చూశాక ఎవరు చెబుతారు? అక్క ఐదో తరగతిలో ఉండగా, బడిలో ఎవరో ఏదో అన్నారని ఇంటికొచ్చి ఏడ్చింది. "ఏడ్సుకుంట సదువుడెందుకు? రాట్నం కాడ కూసో" అన్నాడు బాపు. అంతే, ఆమె చదువు అక్కడితో సరి. అప్పటినుంచి మగ్గానికి కావలసిన నూలు కండెలన్నీ ఆ రాట్నం మీద ఆమే చుట్టేది. నాకు అర్థమైంది ఒక్కటే: ఏడిస్తే రాట్నమే. నాకు చదువు కావాలి. అందుకని ఏడుపు బడిలోనే, బోరింగు వెనకాల ముగించుకుని ఇంటికి వచ్చేదాన్ని.

అక్క మాత్రం కనిపెట్టింది. ఒక ఆదివారం సాయంత్రం నేను చేతులను ఇటుకముక్కతో రుద్దుకుంటుంటే వచ్చి పక్కన కూర్చుంది.

"ఏమంటాన్రే?"

చెప్పాను. బాపుకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకుని మరీ చెప్పాను.

రంగు తప్పుగా పడ్డ నూలుకు ఆ రంగు పోగొట్టడానికి మా ఇంట్లో ఒక తెల్లపొడి ఉండేది. వేడినీళ్లలో పొడి కలిపి చిలప ముంచితే ఎంత ముదురు రంగైనా కాసేపట్లో వెలిసిపోతుంది. ప్రపంచంలో ఏ రంగు పోవాలన్నా మాకు తెలిసిన మందు అదొక్కటే. అక్క చిన్న గిన్నెలో నీళ్లు కాచింది, పొడి కలిపింది. "నూలుకే పోతది, తోలుకు పోదా? జర ఓర్సుకో" అంది. ఓర్చుకున్నాను. రంగు నిజంగానే పోయింది. తెల్లారేసరికి రెండు అరచేతులూ బొబ్బలెక్కాయి.

ఇక దాచడానికేముంది? దవాఖానలో కట్లు కట్టించాక బాపు నన్ను వెంటబెట్టుకుని బడికి బయలుదేరాడు. దారి పొడుగునా, "ఇయ్యాల అడిగేస్త, ఎవ్వలనేది చూస్త" అంటూనే ఉన్నాడు. నాకు భయమూ వేసింది, లోపల ఒక మూల సంతోషమూ కలిగింది. మా బాపు నాకోసం కొట్లాడబోతున్నాడు!

హెడ్‌మాస్టరు అంతా విని ఆట మొదలుపెట్టిన పిల్లను పిలిపించారు. ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది. బాపు చూశాడు. చూడగానే ఆయన చేతులు రెండూ వాటంతటవే దగ్గరకొచ్చాయి. నా వయసు పిల్లకు మా బాపు దండం పెట్టాడు.

"బాగున్నవా బిడ్డా? సేటు పైలమేనా?"

ఏళ్ల తరబడి ఆ దుకాణం మెట్ల మీద పెట్టీ పెట్టీ అలవాటైన దండం అది. అడగడానికి వచ్చిన మాట ఆ తర్వాత ఆయన నోట రాలేదు. హెడ్‌మాస్టరే అందుకున్నారు: "పిల్లలన్నంక ఆటలాడుకోరా? గసొంటి పొడులు పిల్లలకందేటట్టు పెడ్తరా ఇంట్ల? తప్పు మీదయ్యా." బాపు తల ఊపాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో నాకు ఆ గదిలో తెలిసింది. బొబ్బల మంట మరిచిపోయాను కానీ ఆ దండం మరిచిపోలేదు.

ఇంటికి రాగానే బాపు చెప్పులు విప్పకముందే అన్నాడు, "సాలు ఈ సదువు. రేపటి సంది ఇంట్లనే ఉంటది."

అక్క లేచింది. రాట్నం తాడు విప్పి నడుముకు చుట్టుకుని, ముడి వేసి, గోడకానుకుని కూర్చుంది. తాడు లేని రాట్నం తిరగదు. రాట్నం తిరగకపోతే కండెలుండవు. ఉన్న కండెలు పొద్దుగూకేలోపే అయిపోయాయి, మగ్గం చప్పుడు ఆగింది. బాపు తిట్టాడు. చెయ్యెత్తి, దించుకున్నాడు. అమ్మ బతిమాలింది. అక్క కదల్లేదు.

"దాన్ని పంపుతనంటెనే తాడిస్త. నన్ను ఆపినప్పుడు ఎవ్వలడగలే. దాన్ని ఆపితె నేనడుగుత."

మర్నాడు కూడా మగ్గం పలకలేదు. వాడలో అందరి మగ్గాలూ టకటకమంటుంటే మా ఇల్లొక్కటే చావు జరిగిన ఇల్లులా ఉంది. చివరికి బాపు దిగివచ్చాడు. "పోనీ. గని మల్ల బడి నుంచి ఒక్క మాట ఇంటికొచ్చిందనుకో, ఎవ్వలు చెప్పినా ఇన, ఇంట్ల కూసోవెడ్త."

అక్క తాడు విప్పుతూ ఇంకో మాట అంది. "రంగు పని దీనికి చెప్పద్దు. దీని వంతు గూడ నేనే పిండుత."

కట్లు విప్పాక మొదటిసారి మామూలు చేతులతో బడికి వెళ్లిన రోజు నాకు రెక్కలొచ్చినట్టుంది. గేటు దగ్గర సేటు కూతురు నా చేయి పట్టుకుని తిప్పి చూసింది. రంగు లేదు. మొహం చిన్నబుచ్చుకుంది. తర్వాత దగ్గరగా వంగి వాసన చూసి ఒక్కసారి వెనక్కి గెంతింది.

"అబ్బో, గంజి కంపు!"

నూలుకు గంజి పట్టించే ఇల్లు మాది. వాసన ఉండే ఉంటుంది. ఆ రోజు నుంచి నేను క్లాసులో అడుగుపెడితే అందరి వేళ్లూ ముక్కుల మీదికి వెళ్లేవి. ఆట మారలేదు, వంక మారింది. గంజి లేకపోతే నా జడ దొరికేది, జడ లేకపోతే నడక దొరికేది. లోపం నా చేతుల్లో ఉందనుకుని మేమంతా నా చేతులే కడిగాం. అమ్మ కడిగింది, అక్క కడిగింది, తోలు ఊడేదాకా నేనూ కడుక్కున్నాను. ఆ పిల్లల చేతులు ఒక్కసారి చూద్దామని ఏ పెద్దమనిషికీ తోచలేదు.

రోజూ సాయంత్రం అక్క రాట్నం ఆపకుండానే అడిగేది, "ఇయ్యాల ఏమన్నన్నరా?"

"ఏమనలే."

ఇంకేం చెప్పగలను? ఒక్క మాట ఇంటికొస్తే నా చదువు పోతుంది, ఆమె పట్టిన పట్టూ పోతుంది. పదో తరగతి దాకా అదే ప్రశ్న, అదే జవాబు. చదువు అయింది, ఉద్యోగం వచ్చింది. అక్క అదే వాడలో ఒక నేత ఇంటికి కోడలై, అక్కడా ఆదివారాలు చిలపలు పిండింది.

ఈమధ్య వాళ్లింటికి వెళ్తే నా చేయి తన ఒళ్లోకి లాక్కుని కూర్చుంది. రంగు పని మానేసి ఏళ్లయినా ఆమె గోళ్ల మొదళ్లలో నలుపు పోలేదు. వేళ్ల సందులు పగిలి, గీతలు పడ్డాయి. నా అరచేతిని తన అరచేతి పక్కన పెట్టి చూసి మురిసిపోయింది.

"నా చేతులు పోతె పోయినయ్ గని, నీ చేతులు తెల్లగయినంక మల్ల ఎవ్వలేమనలే గద చెల్లె?"

"ఏమనలే అక్కా" అన్నాను.