ఆరు కన్నాల చక్రం

లేవొద్దు లేవొద్దు, కూర్చోండి. అంగడికొచ్చిన వాళ్లందరూ ఆ చక్రం మీదే కూర్చుంటారు. టైరు మంచిదే, రిమ్ముకు సొట్ట కూడా లేదు. పెళ్లిలో నలుగురి ముందర పసుపు కుంకుమ పెట్టి నాకిచ్చిన చక్రం అది. కూర్చోడానికి తప్ప ఇంక దేనికీ పనికిరాదు. ఎందుకో చెప్తా, టీ రానీండి.

మీకు తెలుసు కదా, కడపలో నాది బోల్టులూ నట్లూ అమ్ముకునే బతుకు. అదిగో ఆ బోర్డు నేనే దగ్గరుండి రాయించినా. ‘సైజు కొలుచుకుని రండి. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.’ అది చదవకుండా వచ్చేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మంట. ‘బోల్టు కావాల’ అంటాడు. ఎంత లావు? ‘మామూలు లావు’ అంటాడు. మామూలు లావంటే ఏంది, మీ మామ లావా!

అట్లాంటి నాకు ఒక పాత జీపు ఉంది. ఫోర్ వీల్ అని పేరే గానీ, వెనక చక్రాలు తోస్తాయి, ముందువి ఊరికే వెంట వస్తాయి. మొన్న ఎండాకాలంలో దాని వెనక యాక్సిల్, అదే ఇరుసు, ఏడవడం మొదలుపెట్టింది. వెతగ్గా వెతగ్గా తుక్కు అంగట్లో ఇంకో బండిది, గట్టిది, చక్రాలతో సహా దొరికింది. వెడల్పు చూసినా, సరిపోయింది. చక్రాలు విప్పే పని కూడా లేకుండా అట్లనే ఎత్తి బిగించేసినాం. బండి నోరు మూసుకుని నడిచింది. ‘ఇనుము సంగతి ఇనుము అమ్మేవానికే తెలుస్తుంది’ అని ఇంట్లో చాలాసార్లు చెప్పుకున్నా. మా ఆవిడ వింటూ బియ్యం ఏరుకుంది.

అప్పుడే మా బామ్మర్ది ఓబులేసుకు సంబంధం వచ్చింది. వాడు శానా మంచోడు. పులివెందుల దగ్గర చీనీ తోట, అదే బత్తాయి తోట, బోరులో నీళ్లు, అన్నీ ఉన్నాయి. కానీ సేద్యం చేసేవానికి పిల్లనెవరిస్తారండీ ఈ రోజుల్లో? ‘అబ్బాయి బెంగుళూరులో చేస్తాండాడా?’ అంటారు. లేదంటే ఫోను పెట్టేస్తారు. వాని తల ముందుభాగంలో జుట్టు సెలవు తీసుకుంటోంది. మా అత్తకు నిద్ర లేదు. ఇది కూడా తప్పిపోతే వాడింక చీనీ చెట్లనే చేసుకోవాల.

పిల్ల వాళ్లది రాయచోటి అవతల, గుట్టల్లో పల్లె. వాళ్లకు సేద్యగాడే కావాలంట! జాతకాలు చూపించినాం. పొంతన బ్రహ్మాండంగా కుదిరిందని అయ్యోరు చెప్తే మా అత్త ఏడ్చేసింది. వాళ్లు ఒకటే మాట చెప్పి పంపినారు, పెళ్లిచూపులకు రాహుకాలం రాకముందే మా గడప తొక్కండి అని.

ఆ దారిలో కారు పోదు. ‘నా జీపుంది కదా’ అన్నా. నన్నెవరూ అడగలేదు. నేనే అన్నా.

రాయచోటి దాటి మట్టిదారి ఎక్కినామో లేదో, వెనక చక్రం పంచరై కూర్చుండిపోయింది. నిజం చెప్తే నాకు లోపల్లోపల సంతోషమే, పనితనం చూపించే సందు దొరికింది కదా! ‘మీరు నీడలో కూర్చోండి, ఇప్పుడే అయిపోతుంది’ అన్నా. చుట్టూ ఎక్కడా నీడ లేదు. జాకీ ఎత్తినా, పానాతో నట్లు విప్పినా, స్టెప్నీ తెచ్చి పెట్టినా. దూరలేదు. తిప్పి పెట్టినా. ఒక బోల్టు దూరింది, తక్కినవి అలిగినాయి.

“బోర్లా పెట్టినావేమో సూడు నాయనా,” అనింది అత్త.

పెట్టలేదు. అయినా తిరగేసి చూసినా.

ఓబులేసు తెల్ల అంగీతో జీపు కిందికి దూరి పండుకున్నాడు, ఏమన్నా అడ్డం పడిందేమోనని. అత్త మాత్రం పట్టుచీర కుచ్చిళ్లు పట్టుకుని వంగి, స్టెప్నీ కన్నాల మీద వేలు పెట్టి ఎంచడం మొదలుపెట్టింది. “ఒగటి, రొండు, మూడు, నాలుగు, అయిదు.” తర్వాత విప్పిన చక్రం దగ్గరికి పోయింది. “అల్లుడా, దీనికి ఆరు కండ్లుండాయి. ఆ స్టెప్నీకి అయిదే.”

నేను కూడా ఎంచినా. ముందు చక్రాలు చూసినా, అయిదు. వెనకవి ఆరు. స్టెప్నీ జీపుతో వచ్చిన పాతది, అయిదు. రోజూ ఎక్కి దిగే బండి అది! అన్ని రోజులూ ముందర అయిదు, వెనక ఆరు పెట్టుకుని ఊరంతా తిరిగినా.

“బోల్టులమ్మేటోడివే, ఇన్నిదినాలూ ఎంచల్యా?” అనింది మా ఆవిడ.

“మేము కిలోల లెక్కన అమ్ముతాం. ఎంచం,” అన్నా.

“జాతకాలు సూసిన అయ్యోరికి ఈ సక్రాలు గూడా సూపించింటే బాగుండు,” అనింది మా ఆవిడే.

జీపు కింద నుంచి ఓబులేసు గొంతు వినబడింది. “బావా, పోనీ ఆ దూరిన బోల్టుకే బిగిద్దాం. మెల్లగా పోదాం.”

“ఒక్క బోల్టుతో బండి పోదురా. చక్రం పోతుంది.”

అప్పుడే ఫోను మోగింది. పిల్ల తండ్రి, గంగన్న.

“యాడుండారప్పా?”

“ఈడనే అన్నా, దగ్గరికొచ్చేసినాం.”

“దగ్గరికంటే యాడికి? బండి గాన నిలబడిందా?”

“లేదన్నా. చిన్న బోల్టు తక్కువైంది, అంతే.”

“ఏం బోల్టు?”

“ఆరోది,” అన్నా.

కొంచెం సేపటికి గుట్ట మలుపులోంచి ట్రాక్టరు వచ్చింది. తోలుతున్నది గంగన్నే. ట్రాలీలో టమాటా బాక్సులు. మా అత్త పట్టుచీరతో బాక్సు మీద కూర్చుంది, మా ఆవిడ పళ్లూ పూలూ ఒళ్లో పెట్టుకుంది, పెళ్లికొడుకు గ్రీజు చేతులు గాల్లో పెట్టుకుని నిలబడ్డాడు. గడప తొక్కేసరికి రాహుకాలం నట్టనడుమ ఉంది. ఇంక అయిపోయింది అనుకున్నా. వాని జీవితాన్ని నా చేతులతోనే జాకీ ఎత్తి కింద పడేసినా.

కారాలూ మైసూర్‌పాకూ పెట్టినారు. ఓబులేసు ముట్టుకోలేదు, ఆ చేతులతో ఏం ముట్టుకుంటాడు? పిల్ల మల్లేశ్వరి అది చూసింది. లోపలికి పోయి చెంబుతో నీళ్లూ, గుప్పెడు సబ్బుపొడీ తెచ్చింది.

“సేద్యమని చెప్పిరే. మెకానిక్ పని గూడా చేస్తారా?”

“సేద్యమేనండీ,” అన్నాడు వాడు చేతుల మసి చూపిస్తూ. “ఇది మా బావ.”

ఆ పిల్ల నవ్వింది. గంగన్న మాత్రం నవ్వలేదు. నా వైపు తిరిగినాడు.

“గుట్ట కాడ ట్రాక్టరు నిలబెట్టి శానాసేపు సూస్తాంటిలేప్పా మిమ్మల్ని. నువ్వు ఆ సక్రాన్ని తిప్పి తిప్పి పెడతాండావు. మీ బామ్మర్ది ఎండలో పండుకోని అంగీ అంతా మాపుకున్యాడు గానీ, నిన్ను ఒక్క మాట అనల్యా. ఇట్లాటి బావను ఓర్సుకునేటోడు మా పాపను ఓర్సుకోడా? రాహుకాలమైనా మాకు సమ్మతమే.”

“అంతా సూస్తాండి, మరి ఫోన్లో యాడుండారని అడిగితివే అన్నా?”

“ఏం సెప్తావో సూద్దామని.”

నేను మైసూర్‌పాక్ తిన్నా.

ఆ రోజు నుంచీ నేను మారిపోయినా. ఎవరు బండి కొన్నా ‘బోల్టులు ఎంచినారా?’ అని అడిగేది. పెళ్లికి ముందు గంగన్న ఒకసారి ఫోను చేసి, నా వెనక చక్రానికి స్టెప్నీ తేవాలంటే ఏం చూసుకోవాలని అడిగినాడు. “ఆరు కన్నాలుండాలన్నా. ఎంచుకుంటే చాలు,” అని ధైర్యంగా చెప్పినా. దెబ్బ తిని నేర్చుకున్నవాణ్ని కదా!

పెళ్లిలో తలంబ్రాలు అయినాక, పసుపు పూసి కుంకుమ పెట్టి, మామిడాకులు కట్టి ఈ చక్రాన్ని ఇద్దరు మోసుకొచ్చినారు. “ఎంచుకోప్పా!” అన్నాడు గంగన్న. అందరి ముందరా వేలు పెట్టి గట్టిగా ఎంచినా. ఆరు! ఈలలు, చప్పట్లు. మా అత్త కళ్లు తుడుచుకుంది.

ఇంటికొచ్చి బిగిద్దామని పెట్టినా. దూరలేదు.

ఇదీ ఆరే, అదీ ఆరే. కానీ జీపుకు బోల్టులు నిలబడిన గుండ్రం చిన్నది, ఈ చక్రానికి కన్నాలు తొలిచిన గుండ్రం పెద్దది. బొటనవేలంత తేడా. ఎంచడం నేర్చుకున్నా గానీ కొలవడం మర్చిపోయినా. మా ఆవిడ టీ తెచ్చి చక్రాన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది.

“ఎన్ని?”

“ఆరు.”

“జీపుకు?”

“ఆరే. సైజు వేరే.”

ఆమె నవ్వి ఉంటే నాకు బాగుండేది. “మన అంగట్లో బోర్డుంది కదా,” అనింది, “దాన్ని రోంత కిందికి దించి కడదామా? నీకు కనపడేటట్టు.”

జీపు ఇప్పటికీ తిరుగుతోంది. స్టెప్నీ ఆ పాత అయిదుదే. పంచరంటూ అయితే ముందు చక్రానికే కావాలని మా అత్త మొక్కుకుంది. గంగన్నకు మాత్రం చక్రం భలే కుదిరిందని చెప్పినా. పెళ్లిలో ఇచ్చినదాన్ని వాపసు ఎట్లిస్తాం?

టీ చల్లారిపోతాంది, తాగండి. మీలో ఎవరికన్నా ఆరు కన్నాల చక్రం కావాలంటే ఊరికే ఇస్తా. సైజు మాత్రం కొలుచుకుని రండి. వాపసు తీసుకోను.