మునక తాత

పరంజ్యోతి తాత చిలకరింపు చర్చిలో కలిసిపోయాడన్న పుకారు ఆ శనివారం కిరండూల్ బజారులో టమాటాల కంటే ముందు అమ్ముడుపోయింది. నెత్తిన నాలుగు చుక్కలు చల్లి బాప్తిస్మమిచ్చే ఆ చర్చిలోంచి తాత చేతిలో ఉత్తరంతో బయటికి రావడం ముగ్గురు చూశారట. నమ్మడానికి మాత్రం ఎవరికీ ధైర్యం చాల్లేదు. ఎందుకంటే తాతకి లోకంలో ఒకటే పట్టుదల: ఏదైనా సరే, పూర్తిగా మునగాలి.

ఆ ఊరి ఇనుప గనిలో ముప్పై ఏళ్లు పంపు నడిపిన మనిషి. బాప్టిస్టు సంఘంలో పెద్ద. వాగులో బాప్తిస్మాలు జరుగుతుంటే గట్టు మీద గొంతుక్కూర్చుని కాపలా కాసేవాడు.

"ఆగండి పాస్టరుగారూ! జడ కొస తేలింది!"

"మనిషి మునిగింది కదా తాతా!"

"మరి జడ ఎవరిది, పక్కింటోళ్లదా? మళ్లీ ముంచండి!"

సాంబారు పోస్తే ఇడ్లీ కనబడకూడదు. బిస్కెట్టును వేళ్లదాకా ముంచి సగం టీలోనే పోగొట్టుకునేవాడు. తుంపర పడితే గొడుగు తెరిచేవాడు కాదు. "ఇది ఊర్మిలమ్మగారి వాన. నాకంటదు," అనేవాడు. ఊర్మిల ఆ చిలకరింపు చర్చి పాస్టరు. ఆవిడేం తక్కువ తినలేదు. రోడ్డు మీద ఎదురైతే, "తాతగారూ, ఇవాళ ఎన్ని మునకలయ్యాయి?" అని పలకరించేది.

బాప్టిస్టు చర్చి ఊడ్చే కిరణ్మయి ఇవన్నీ చూసేది. తొమ్మిదిలో బడి మానేసిన ఆ పిల్ల నోరు విప్పడం తక్కువ, కళ్లు మూయడం ఇంకా తక్కువ. అందుకే ఆయతి సంగతి ముందు ఆమెకే కనబడింది.

ఆయతి సంతలో చింతపండు అమ్ముకునే ముసలమ్మ. ఉబ్బసం మనిషి. నీళ్లలో ముంచితే ప్రాణానికే ప్రమాదమని డాక్టరు చెప్పాడు. మునగందే బాప్తిస్మం లేదు, బాప్తిస్మం లేందే ఆరాధనలో పంచే ప్రభు బల్ల రొట్టె లేదు. రెండేళ్లుగా చర్చి వెనక వరసలో కూర్చుని, రొట్టె పళ్లెం వచ్చినప్పుడల్లా ముట్టకుండా పక్కవాళ్లకు అందించేది. పోయిన నెల ఉండబట్టలేక అడిగేసింది.

"నేను సచ్చేలోపు ఒక్క ముక్కన్నా దొరుకుతదా తాతా, లేదా ఏంది?"

తాత వెళ్లి చర్చి అరుగు మీద కూర్చుని టీ తాగాడు. బిస్కెట్టు పొడిగానే తినేశాడు. కిరణ్మయికి భయమేసింది.

ఆదివారం బాప్టిస్టు పాస్టర్ మంగల్ ఆరాధన మధ్యలో తాతని నిలదీశాడు. "తాతా, బజారంతా ఒకటే గోల. మీరు అటు చేరారా? సాఫ్ సాఫ్ చెప్పండి."

తాత సంఘ నియమాల పుస్తకం తీశాడు. "పదకొండోది చూడండి. వేరే సంఘం నుంచి 'మా సభ్యులే' అని ఉత్తరం తెచ్చినోళ్లని, బాప్తిస్మం ఎట్టా పొందావని అడక్కుండా బల్లకు రానివ్వాలి. ఉందా లేదా?"

"ఉంది. గనికి బదిలీ మీద వచ్చేవాళ్ల కోసం."

"సంతకీ గనికీ ఎంత దూరం? ఇదిగో ఉత్తరం."

మంగల్ చదివాడు. నవ్వాపుకున్నాడు. "అయితే చుక్కల బాప్తిస్మం మీరు ఒప్పుకున్నట్టేనా?"

"ఎవరొప్పుకున్నారు? గిన్నె పట్టుకుని పక్కనే నిలబడ్డా. ఇంకొంచెం, ఇంకొంచెం అని ప్రాణం తీస్తే, ఊర్మిలమ్మగారు విసుగెత్తి చెంబెడు వేణ్ణీళ్లు పోసింది. ఇప్పుడది వాళ్ల పద్ధతీ కాదు, మన పద్ధతీ కాదు!"

చర్చంతా ఘొల్లున నవ్వింది. రొట్టె పళ్లెం కదిలింది. వెనక వరసకు చేరింది.

ఆ వారం కిరండూల్‌లో సంఘం మారింది ఒక్కరే. ఉత్తరంలో ఉన్న పేరు ఆయతి.