రహీం సాబ్ చెప్పిన అక్షరాలు

అది ఎనభైల చివరి మాట. తాండూరులో ఒక సిమెంటు ఫ్యాక్టరీ కంప్యూటర్ గదిలో నేను రహీం సాబ్ కింద పనిచేసేవాణ్ణి. లారీల లోడింగు లెక్కలను ఎవరో మార్చారని తెలిసి, ఆయన కంప్యూటర్‌కు కొత్త పాస్‌వర్డ్ పెట్టారు. దాన్ని ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. మర్నాడే ఆయనకు పక్షవాతం వచ్చింది.

కంప్యూటర్ తెరుచుకోక లారీలు గేటు ముందు ఆగిపోయాయి. "ఎట్లనన్న జేసి అడిగి రాపో" అని మేనేజరు నన్ను వికారాబాద్ ఆస్పత్రికి పంపాడు. రైల్లో కూర్చున్నంతసేపూ ఆ మాట ఎలా అడగాలో తోచలేదు.

రహీం సాబ్ మంచం మీద ఒక పక్కకు ఒరిగి ఉన్నారు. పొద్దుటి నుంచి నోట మాట లేదని ఆయన భార్య చెప్పింది. నేను అడగకముందే ఆయన నన్ను చూసి, ఇంకా ఆడుతున్న చేత్తో దగ్గరికి రమ్మన్నారు. పెదవులు కదిలాయి. ఆవిడ ఆత్రంగా వంగింది. ఆయన ఒక్కో ఇంగ్లీషు అక్షరాన్నీ కూడదీసుకుని పలికి, కళ్లు మూసుకున్నారు.

"ఏమన్నరు తమ్మీ?" అని అడిగిందావిడ.

"ఆఫీసు సంగతి, భాభీ."

"ఇంటి సంగతి ఏం జెప్పలేదా?"

నేను తల అడ్డంగా ఊపాను.

ఆస్పత్రి ఫోన్‌లో మేనేజరుకు ఆ అక్షరాలు చెప్పాను. లారీలు కదిలాయి. రహీం సాబ్ మళ్లీ మాట్లాడలేదు. ఆ వారంలోనే పోయారు.

తర్వాత నేను పనిచేసిన ప్రతిచోటా పాస్‌వర్డ్ ఇద్దరికి తెలిసేలా చూశాను. అయినా ఆ మధ్యాహ్నం గుర్తొస్తే మనసు చేదవుతుంది. ఆయనలో మిగిలిన నాలుగు మాటలూ ఫ్యాక్టరీకే ఖర్చయ్యాయి.