యాభై ఏడు కాగితాలు

చివరి రోజు పొద్దున కామాక్షయ్య వాకిట్లో కూర్చుని గోళ్లలో ఎండిన రెసిన్‌ను బ్లేడు ముక్కతో గీక్కున్నాడు. ఇంకాస్త టీ పొయ్యమని గ్లాసు చాపాడు. మధ్యాహ్నానికి మనిషి లేడు.

వాకాడు తీరంలో ఫైబర్ పడవలు బాగుచేయడం ఆయన పని. నాయన అనుకోగానే కూతురు ఉషారాణికి గుర్తొచ్చేది మాత్రం రెండేళ్ల కిందటి జూన్ పదమూడు.

వేట నిషేధం ముగియడానికి ఒక్కరోజే ఉంది. ఊరంతా వలలు సర్దుకుంటూ తిరునాళ్లలా ఉంది. మస్తానయ్య పడవ ఒక్కటే ఇసుకలో బోర్లా పడి ఉంది. దాని ఒంటికంతా కొత్త పూత పడాలి. ఉన్న డబ్బా రెసిన్ రెండు వందల ముప్పై చదరపు అడుగులకే వస్తుంది. చాలకపోతే నెల్లూరు పోవాలి, అది వచ్చి, పూసి, ఆరేసరికి తొలి వేట దాటిపోతుంది.

కామాక్షయ్య కొలత కోసం పడవ ఒళ్లంతా తడి న్యూస్‌పేపర్లు అతికించాడు. విప్పిన కాగితం నాలుగు చదరపు అడుగులు. పడవ ఎలా వంపు తిరిగితే కాగితమూ అలాగే తిరుగుతుంది. యాభై ఏడు పట్టాయి. అంటే రెండు వందల ఇరవై ఎనిమిది.

బీఎస్సీ చదివే ఉషారాణి ఊరుకుంటుందా! టేపు అందుకుంది. పడవ నడుం నిలువునా చీల్చిన స్థూపం, ముక్కు నిలువునా చీల్చిన శంకువు. వెనక పలక నిరుడే కొత్తది వేశారు గనక నాయనలాగే దాన్ని వదిలేసింది. చకచకా లెక్క కట్టి కేకేసింది.

"రెండు వందల యాభై ఆరు, నాయనా! డబ్బా చాలదు!"

"ఏందన్నా, నీ కూతురు నా పడవని ఒడ్డునే ముంచేట్టుందే!" అన్నాడు మస్తానయ్య.

"ఇరవై ఎనిమిది ఎక్కువ చెప్తుండావమ్మే," కామాక్షయ్య నవ్వాడు. "అది యాడుందో చూపీ, ఇంకో ఏడు కాగితాలు అతికిస్తా."

ఉక్రోషం పొడుచుకొచ్చింది. గంటసేపు పడవ చుట్టూ తిరిగింది, మళ్లీ మళ్లీ కొలిచింది. అంకె మారదు. చివరికి ఇసుకలో బోర్లా పడుకుని పడవ కిందికి తల దూర్చింది. నడుం నుంచి ముక్కు దాకా ఒకటే ఖాళీ, మధ్యలో అడ్డుగోడ లేదు!

"నాయనా! మూతలు!" ఒక్క గెంతున లేచింది. "స్థూపానికో మూత, శంకువుకో మూత వేసేసినా! ఒక్కోటి పద్నాలుగు. అవి రెండూ కలిసేచోట పడవే లేదు, గాలి ఉంది!"

"గాలికి పూత ఎయ్యమంటివా!"

మస్తానయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. ఉషారాణి చున్నీ నడుముకు బిగించి, పరుగు పరుగున కాగితాలు ఒలిచింది. నడుముకు నూట ఎనభై ఎనిమిది, ముక్కుకు నలభై, మొత్తం రెండు వందల ఇరవై ఎనిమిది అంటూ పాటలా పాడింది. సాయంత్రానికి చివరి గిన్నె రెసిన్ ముక్కు కొసదాకా వచ్చి సరిపోయింది. నాయనకు తన కాగితాల మీద ఎంత ధీమా అనుకుంది. పడవ తొలి వేటకే కడలెక్కింది.

పెద్దకర్మ నాడు మస్తానయ్య చెప్పాడు. ఆమె రెండు వందల యాభై ఆరు అనగానే, అట్లా నవ్వుతూనే ఆయన తనను పక్కకు పిలిచి, రెండో డబ్బాకు నెల్లూరికి మనిషిని పంపమన్నాడట. "పాప అంత చదివింది, నా కాగితాలే తప్పయ్యుంటాయి," అన్నాడట. ఆమె మూతల సంగతి కనిపెట్టాకే, గూడూరు దగ్గర్లో ఉన్న మనిషికి ఫోన్ చేసి వెనక్కి పిలిపించారట.